చీటీల డబ్బాలో ఒక చీటీ: ఆ పిల్లాణ్ని పిలిచి మాట్లాడనా, ఊరుకోనా?

జువాలజీ మేడమ్ (ప్రశ్న)

మామూలుగా ఇక్కడ వంటల చర్చలు చదువుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయేదాన్ని. ఈసారి నిజంగానే దారి తోచక రాస్తున్నాను. కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

గోదావరి జిల్లాల్లో ఓ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఏటా డిసెంబర్ 1న ఎయిడ్స్ ర్యాలీ తీయించే పని కూడా నాదే. ర్యాలీ అంటే ఏముందండీ, ఎర్ర రిబ్బను ముక్కలు పిన్నీసులతో గుచ్చుకుని బస్టాండు దాకా నడవడం, ఫొటో దిగడం, ఆ ఫొటో పైవాళ్లకి వాట్సాప్‌లో పంపడం. తిరుగుదారిలో పునుగుల బండి దగ్గర సగం మంది మాయం.

ఈ ఏడు సెకండియర్‌కి ప్రత్యుత్పత్తి ఆరోగ్యం పాఠం మొదలెట్టే ముందు ఒక పని చేశాను. ఇంట్లో ఖాళీ అయిన తాపేశ్వరం కాజాల పెట్టెకి మూత మీద గాటు పెట్టి, ల్యాబ్ బయట కిటికీలో పెట్టాను. "పేరు రాయకండి. ఏదైనా అడగండి. ఎవరు రాశారో నేను వెతకను" అని చెప్పాను. మొదటి రెండు రోజులూ చాక్లెట్ కాగితాలు పడ్డాయి. ఎవరో పది రూపాయల నోటు వేశారు, హుండీ అనుకున్నారేమో. మూడో రోజు నుంచి చీటీలు. వారం తిరిగేసరికి 57.

మా పిల్లలకి ఎయిడ్స్ గురించి తెలీదని కాదు. "ఎయిడ్స్ వ్యాపించే మార్గాలు రాయుము" అన్నది నాలుగు మార్కుల ప్రశ్న. నిద్రలో లేపి అడిగినా వరసగా అప్పజెప్తారు. అప్పజెప్పిన వాళ్లే ఈ చీటీలు వేశారు:

"దోమ వాళ్లని కుట్టి మనల్ని కుడితే వస్తుందా?" (ఇది ఏడుగురు అడిగారు.)

"తీర్థంలో పచ్చబొట్టు పొడిపించుకున్నా. అందరికీ ఒకటే సూది. ఇప్పుడు ఏం చెయ్యాలి?"

"మా బాబాయికి ఆ జబ్బు ఉందంటారు. వాళ్లింట్లో కాఫీ తాగొచ్చా?"

"బస్టాండు బాత్రూములో అంటించిన కాగితం మీద నంబరుకి ఫోన్ చేశాను. కోర్సుకి ఆరు వేలన్నాడు. వాడు నిజం డాక్టరేనా?"

"తెల్లబట్ట అయితే సుఖవ్యాధేనా? మా నాయనమ్మ అలాగే అంటోంది."

"మంచి అమ్మాయిలకి కూడా ఇవి వస్తాయా?"

ఆ ఆఖరి దాంట్లో 'మంచి' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సరే, వాటికి ఎలాగో చెప్పుకుంటాను. నేను అడగాలనుకున్నది ఇంకో చీటీ గురించి. రికార్డు పుస్తకంలోంచి చింపిన కాగితం, నాలుగు మడతలు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"మేడమ్ వారం నుంచి ఒంటేలుకి వెళ్తే మంట. చీము లాగా కూడా పడుతోంది. వేడి చేసిందని ఫ్రెండ్ అన్నాడు. సబ్జా నీళ్లు, మజ్జిగ తాగుతున్నాను తగ్గలేదు. ఇది ఎయిడ్సా? ఇంట్లో చెప్పకండి."

మా పుస్తకంలో సుఖవ్యాధుల కింద గనేరియా ఉంది, సిఫిలిస్ ఉంది, కారణమైన బాక్టీరియా పేర్లు లాటిన్‌లో ఉన్నాయి. ఈ పిల్లాడు వాటిని బట్టీ పట్టే ఉంటాడు. ఆ గనేరియాకీ తన ఒంటేలు మంటకీ ఏమైనా సంబంధం ఉందేమో అని మాత్రం వాడికి తట్టలేదు. అయితే వేడి, కాకపోతే ఎయిడ్స్. మధ్యలో ఇంకేమీ లేదు.

అసలు చిక్కు ఇదీ. ఆ చేతిరాత నాకు తెలుసు. ఏడాదిన్నరగా రికార్డులు దిద్దుతున్నాను, ఆ 'మ' కొమ్ము తిప్పిన తీరు చూడగానే పోల్చుకున్నాను. వెతకనని మాట ఇచ్చాను, వెతక్కుండానే దొరికాడు. ప్రిన్సిపాల్ గారికి పేరు చెప్పకుండా విషయం చెబితే "మనకెందుకమ్మా, ముందు ఆ డబ్బా తీసేయండి" అన్నారు. బోటనీ మేడమేమో వాళ్ల నాన్నని పిలిపించమంటోంది. ఆ నాన్న సంగతి నాకు తెలుసు, బెల్టు తీసే మనిషి. పిల్లాణ్ని విడిగా పిలిచి మాట్లాడనా? మాట తప్పినట్టవుతుందా? ఊరుకుంటే వాడి ఒళ్లు ఏమవుతుంది?

మందులషాపు బాబాయ్

మేడమ్ గారూ, పాతికేళ్లుగా కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ని. ఈ కుర్రాడు నా షాపుకి కొన్ని వందల సార్లు వచ్చాడు. మీవాడే అని కాదు, ఈ రకం.

ముందు అమృతాంజనం అడుగుతాడు. ఇస్తాం. వెళ్లడు. పక్కన ఆడవాళ్లు ఉంటే కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లోకి చూస్తూ నిలబడతాడు. వాళ్లు వెళ్లాక "మా ఫ్రెండ్‌కండీ..." అంటాడు. నా జీవితంలో ఈ జబ్బు ఉన్నవాణ్ని ఒక్కణ్ని చూడలేదు, అందరూ ఫ్రెండ్సే.

సిగ్గు విడిచి ఒప్పుకుంటాను, మేం చేసేదేంటంటే ఒంటేలు మంటకి సిరప్ ఒకటి, యాంటీబయాటిక్ రెండో మూడో మాత్రలు కత్తిరించి ఇచ్చి పంపేవాళ్లం. మంట తగ్గుతుంది. వాడు సంతోషం, మేమూ సంతోషం. నెల తర్వాత మళ్లీ వస్తాడు. మా అబ్బాయి ఫార్మసీ చదివి వచ్చాక "నాన్నా, ఇలా సగం సగం ఇవ్వబట్టే ఆ సూక్ష్మజీవికి మందులు పనిచెయ్యకుండా పోతున్నాయి" అని నాకు క్లాసు పీకాడు. ఇప్పుడు ఇవ్వట్లేదు. నేను ఇవ్వకపోతే ఎదురు షాపువాడు ఇస్తున్నాడు, అది వేరే సంగతి.

ఇంకోటి. నిరోధ్ ప్యాకెట్ అడిగితే న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తాం కదా, ఆ పొట్లం ఆకారం చూస్తేనే బజారు మొత్తానికి తెలిసిపోతుంది. చుట్టకుండా ఇస్తే ఎవడికీ తెలీదు. అయినా చుట్టమనే అడుగుతారు.

మీవాణ్ని మాత్రం ఏ షాపుకీ పంపకండి.

ఇద్దరు పిల్లల తండ్రి

క్షమించాలి, నాకు ఇది నచ్చలేదు. పదహారేళ్ల పిల్లల చేత ఇలాంటివి రాయించడమేంటి? లేని ఆలోచనలు మనమే పుట్టిస్తున్నట్టు ఉంది. మా రోజుల్లో ఇవేవీ చెప్పలేదు, మేమేం చెడిపోయాం? పాఠం చెప్పండి, పరీక్ష పెట్టండి, అంతవరకు చాలు.

చర్మం డాక్టర్, కరీంనగర్

తండ్రి గారూ, మీ రోజుల్లోని వాళ్లు కూడా మా సీనియర్ల దగ్గరికి వచ్చేటోళ్లు సార్. సెగరోగం, సవాయి, కొరుకు, అడ్డగర్రలు. ఈ మాటలన్నీ తెలుగుల ఎవరు పుట్టించిన్రు మరి? జబ్బు లేకుండ దానికి ఇన్ని పేర్లు ఉండవు.

మేడమ్, ఆ చీటీల రాసింది చూడకుండ రోగం పేరు చెప్పలేను. కానీ చీము పడుతున్నదంటే వేడి కాదు. సబ్జా తాగితే మూత్రం పల్చబడి మంట కాస్త తగ్గినట్టు అనిపిస్తది, అంతే. గనేరియా అయితే తగులుకున్న రెండు రోజుల నుంచి వారం లోపల మగపిల్లల్లో ఇట్లనే బయటపడ్తది. క్లామీడియా దాని చెల్లెలు, ఒక్కోసారి రెండూ కలిసే ఉంటయి. అందుకే రెండిటికీ మందు ఒకేసారి ఇస్తం. ఇది ఎయిడ్స్ కాదు. కానీ ఇది ఉన్నోళ్లకి హెచ్‌ఐవీ తగులుకునే వీలు ఎక్కువ, కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించుకొమ్మంటం. ఇప్పుడు లేదని వచ్చినా మూడు నెలలకు ఇంకోసారి చెయ్యాలె.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. అవే సూక్ష్మజీవులు వాళ్లల్ల చాలాసార్లు ఏ లక్షణమూ చూపించవు. చప్పుడు లేకుండ లోపల గర్భనాళాలు మూసుకుపోతయి. పదేళ్లకు పిల్లలు పుట్టకపోతే అత్తగారింట్ల మాట పడేది ఎవరో మీకు తెలుసు. తెల్లబట్ట అడిగిన అమ్మాయికి చెప్పండి: నెల మధ్యల పల్చగ, వాసన లేకుండ అయితే అది ఒంటి ధర్మం. దురద, దుర్వాసన, పెరుగు ముక్కల లెక్క అయితే చూపించుకోవాలె. అప్పుడు కూడా అది సుఖవ్యాధే కానక్కర్లేదు, ఫంగస్ అయి ఉండొచ్చు.

సిఫిలిస్ మాత్రం నాకు అన్నిటికన్న భయం. ఎందుకంటే అది నొప్పి పెట్టదు. కలిసినంక మూడు వారాలకు అటూ ఇటూగ ఒక పుండు వస్తది. గట్టిగ, గుండ్రంగ, నొప్పి లేకుండ. నాలుగైదు వారాల్ల దానంతటదే మానిపోతది. ఆ వారాల్ల వాడు ఏం రాసుకుంటే ఆ మందుకు పేరొస్తది, కొబ్బరినూనె రాసినా సరే. జబ్బు మాత్రం రక్తంల కూర్చుంటది. తర్వాత అరిచేతుల్ల, అరికాళ్లల్ల మచ్చలు. ఎన్నో ఏండ్లకు గుండె, మెదడు. మొదట్ల పట్టుకుంటే 24 లక్షల యూనిట్ల పెన్సిలిన్ సూది ఒక్కసారి వేస్తే అయిపోతది. వీడీఆర్‌ఎల్ అని చిన్న రక్తపరీక్ష, గర్భిణులకు సర్కారు దవాఖానల ఎట్లాగూ చేస్తరు.

ఇక ఒక మాట. సుఖవ్యాధి అని వణుకుకుంట నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లల్ల చానమందికి ఉన్నది తామర. హాస్టల్ల ఒకరి తువ్వాల ఒకరు వాడుడు, తడి ఆరని జీన్సు. మెడికల్ షాపుల (బాబాయ్ ఏమనుకోకండి) స్టిరాయిడ్ కలిసిన ట్యూబు ఇస్తరు. రెండు రోజులు చల్లగ ఉంటది, తర్వాత తొడలంతా పాకుతది. సిగ్గుతో ఆరు నెలలు దాచి, చర్మం చారలు పడ్డాక వస్తరు. వచ్చిన రోగం కన్న అనుకున్న రోగమే వీళ్లని ఎక్కువ తింటది.

పచ్చబొట్టు పిల్లవాడు: హెచ్‌ఐవీ కన్న హెపటైటిస్ బి గురించి ఎక్కువ ఆలోచించాలె. ఆ వైరస్ ఎండిన రక్తంల కూడ వారం దాకా బతుకుతది. రెండు పరీక్షలూ చేయించుకొమ్మనండి, టీకా పడ్డదో లేదో ఇంట్ల అడగమనండి. దోమ ఒంట్ల హెచ్‌ఐవీ అరిగిపోతది, పెరగదు, ఇంకొకరికి అంటదు. బాబాయి ఇంట్ల కాఫీ తాగొచ్చు. తాగాలె కూడ.

రికార్డులు రాసినోడు

మేడమ్, ఒక్క నిమిషం. చేతిరాత చూసి ఎవరో తెలిసిందన్నారు. నేను 2014 బ్యాచ్, ఇంటర్ బైపీసీ. మా సెక్షన్‌లో ఆరుగురి జువాలజీ రికార్డులు నేనే రాశాను. బొమ్మకి ఐదు రూపాయలు, రికార్డు మొత్తానికైతే రెండు ఎగ్‌పఫ్‌లు. ల్యాబ్ మేడమ్ ఆరు రికార్డుల్లో ఒకే 'మ' చూసి కూడా సంతకం పెట్టేసింది, పాపం.

మీరు పిలవబోయేవాడు రాసినవాడే అయి ఉండొచ్చు, కానీ జబ్బు ఉన్నవాడు కాకపోవచ్చు. ఇలాంటి చీటీ ఎవడూ సొంత చేత్తో రాయడు, గుర్తుపడతారని. చేతిరాత బాగున్నవాడి చేత రాయిస్తాడు. పిలిచి "నీకిలా ఉందటగా" అంటే ఆ పిల్లాడు చచ్చిపోతాడు సిగ్గుతో.

జువాలజీ మేడమ్

అయ్యో. మీ మాట చదివి లేచి వెళ్లి బీరువాలో రికార్డులు తీసి చూశాను. నాలుగు రికార్డులు అదే చేతిరాత. అందులో ఒకటి అమ్మాయిది. నాలుగిటి మీదా నా సంతకం ఉంది.

రిటైర్డ్ కౌన్సెలరమ్మ, గుంటూరు

అమ్మా, నేను ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్షల గదిలో, కౌన్సెలర్‌గా పదహారేళ్లు చేశాను. మీ చీటీ కాపీ నా దగ్గర కూడా ఉన్నట్టే లెక్క.

పులిరాజా గుర్తున్నాడా మీకు? 2000ల మొదట్లో ఊరూరా గోడల మీద "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అని పెద్ద పెద్ద అక్షరాలు. ఎవరీ పులిరాజా అని జనం నవ్వుకున్నారు, వీధిలో సోకుచేసుకుని తిరిగేవాడి కల్లా ఆ పేరు పెట్టారు. ఆ మాట మాత్రం మొదటిసారి టీకొట్టు దగ్గర నోటితో పలికారమ్మా, అదీ ఆ ప్రకటన చేసిన మేలు. కీడు కూడా ఉంది. జబ్బు పులిరాజాలకే వస్తుందని అందరికీ స్థిరపడిపోయింది. మీ 'మంచి అమ్మాయిలు' చీటీ అక్కణ్నుంచి వచ్చిందే. నా కుర్చీ ఎదుట రిపోర్టు పట్టుకుని కూలబడిన ఆడవాళ్లలో ఎక్కువమంది కట్టుకున్నవాణ్ని తప్ప ఎరగని ఇల్లాళ్లు. వాళ్లకన్నా మంచి అమ్మాయిలు ఎక్కడుంటారు?

తండ్రి గారికి ఒక లెక్క చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హెచ్‌ఐవీ గురించి పూర్తిగా, తప్పుల్లేకుండా తెలిసినవాళ్లు దేశంలో ఆడవాళ్లలో 21.6 శాతం, మగవాళ్లలో 30.7 శాతం. 2021 అంచనాల్లో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ దేశం మొత్తం మీద 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. మన ఇంట మూడింతలుంది బాబూ. పిల్లలకి ఆలోచనలు మనం పుట్టించనక్కర్లేదు, చేతిలో ఫోనుంది. మనం ఇవ్వాల్సింది ఆసుపత్రి గది నంబరు.

ఇప్పుడు మీ పని, మేడమ్ గారూ. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ ఉంటుంది. సుఖవ్యాధుల విభాగం అని బోర్డు పెడితే ఎవరూ రారని ఆ పేరు పెట్టారు. మందులు రంగుల డబ్బాల్లో వస్తాయి, లక్షణాన్ని బట్టి ఒక్కో రంగు. చీము పడేదానికి ఒకటో నంబరు, బూడిద రంగు. డబ్బులుండవు. శరీర సంబంధం ఉన్నవాళ్లకి కూడా మందు ఇస్తారు, ఒక్కరే మింగితే మళ్లీ అంటుకుంటుంది. ఫోన్లో అడగాలంటే 1097, పేరు చెప్పక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక చేదు మాట. ఇంటర్ పిల్లలంటే పద్దెనిమిది నిండనివాళ్లు. వాళ్లకి హెచ్‌ఐవీ పరీక్ష చెయ్యాలంటే తల్లో తండ్రో సంరక్షకుడో ఒప్పుకోవాలి. 2012 పోక్సో చట్టంలో 19వ సెక్షన్ ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, టీచరైనా డాక్టరైనా. పద్దెనిమిదిలోపు వాళ్ల ఇష్టాన్ని చట్టం ఇష్టంగా లెక్కపెట్టదు. ఆ భయంతోనే చాలామంది పిల్లలు మా గుమ్మం ఎక్కకుండా షాపులకి పోయేవారు. నా మటుకు నాకు ఆ సెక్షన్ ఒక్కోసారి రక్షించింది, ఒక్కోసారి చేతులు కట్టేసింది. రెండూ చూశాను. అందుకని "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. "నీకు చెప్పకుండా ఏదీ చెయ్యను" అని ఇవ్వండి, ఇది నిలబెట్టుకోగలరు.

ఇంకొకటి ఎవరూ అడగలేదు. ఆ చీటీ వెనక సరదాయే ఉండాలని ఏముంది? ఓసారి ఒక కుర్రాడు ఇలాగే మంట అని వచ్చాడు. నాలుగో రోజుకి గానీ నోరు విప్పలేదు. హాస్టల్లో పెద్దవాడొకడు ఏడాదిగా బలవంతం చేస్తున్నాడు. మగపిల్లాడు కాబట్టి మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు. క్లాసులో చెప్పేటప్పుడు పిల్లల సహాయానికున్న 1098 నంబరు కూడా బోర్డు మీద రాయండి. ఎందుకో వివరించకపోయినా సరే, కావలసినవాడు రాసుకుంటాడు.

భద్రాచలం పిల్ల

చదువుతుంటే నా కథ గుర్తొచ్చి రాస్తున్న. 2009లో నాకు పదకొండేళ్లు, ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండేదాన్ని. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పధ్నాలుగేళ్ల ఆడపిల్లలకి టీకా వేశారు. మాకు చెప్పింది 'క్యాన్సర్ సూది' అని ఒక్క ముక్క. ఏ క్యాన్సర్, ఎందుకొస్తది, మాకే ఎందుకు, మగపిల్లలకెందుకు లేదు, ఏమీ లేదు. మా అమ్మకి తెలియనే తెలియదు, ఫారం మీద వార్డెన్ సంతకం. తర్వాత కొందరు పిల్లలు చనిపోయిన వార్త వచ్చింది. 2010 ఏప్రిల్లో అంతా ఆపేశారు. ఆ చావులకీ టీకాకీ సంబంధం లేదనే విచారణలో చెప్పారు. అనుమతులు తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటు కమిటీ ఏకిపారేసింది.

నేను నర్సింగ్ చదివేటప్పుడు పుస్తకంలో చూస్తే తెలిసింది, అది హెచ్‌పీవీ అనే వైరస్‌కి. శరీర సంబంధం వల్ల అంటుకునేది. 16, 18 రకాలే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం. నిరోధ్ కూడా దాన్ని పూర్తిగా ఆపలేదు, చర్మం నుంచి చర్మానికి అంటుతది. చాలా మంచి టీకా. నాకు పడినందుకు ఇప్పుడు సంతోషమే. కానీ నా ఒంటికి ఏం ఇస్తున్నారో పన్నెండేళ్ల తర్వాత పరీక్షకి చదువుకుంటూ తెలుసుకోవాల్సి వచ్చింది. మా ఊళ్లో ఇప్పటికీ ఆ సూది పేరెత్తితే తలుపులేసుకుంటరు. ఇప్పుడు మన దేశంలోనే, పుణెలో తయారయ్యేది 2022లో అనుమతి పొంది వచ్చింది, అయినా మా అక్క తన కూతురికి వేయించనంటది. మొదట్లోనే పిల్లలకి "ఇది ఇందుకు" అని కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

మేడమ్, మీ డబ్బా తీసెయ్యకండి.

ఇద్దరు పిల్లల తండ్రి

కౌన్సెలరమ్మ గారూ, హాస్టల్ కుర్రాడి సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మా పెద్దాడు హాస్టల్లోనే ఉన్నాడు. నేను పైన రాసింది వెనక్కి తీసుకోను గానీ, పొద్దున వాడికి ఫోన్ చేసి ఏం అడగాలో తెలీక "అన్నం తిన్నావా" అని పెట్టేశాను.

జువాలజీ మేడమ్

పది రోజులైంది, ఏమైందో చెప్పాలిగా.

ఎవర్నీ పిలవలేదు. సోమవారం మొదటి పీరియడ్‌లో చీటీలన్నిటికీ జవాబులు అందరికీ చెప్పాను, అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ కలిపే. ముందే ఒక మాట అన్నాను: "పోయిన వారం ఎవరు రాశారో వెతకనన్నాను. ఆ మాట మీద ఉన్నాను. కానీ ఎవరైనా స్వయంగా వచ్చి నాకు చెబితే, మీకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి కొన్ని సంగతులు నేను దాచకూడదని చట్టం ఉంది. మీకు చెప్పకుండా మాత్రం ఏదీ చెయ్యను." ముందు వరసలో ఒకమ్మాయి "అయితే చీటీయే నయం మేడమ్" అంది. క్లాసంతా నవ్వారు. నిజమే కదా.

తర్వాత బోర్డు మీద రెండు గళ్లు గీశాను. ఒకదాంట్లో 'వేడి', ఇంకోదాంట్లో 'వేడి కాదు'. డాక్టర్ గారు చెప్పినవన్నీ వాళ్ల మాటల్లోనే రాశాను: ఒంటేలు మంట, చీము, నొప్పిలేని పుండు, గజ్జల్లో గడ్డ, తామర. గనేరియా పక్కన బ్రాకెట్లో సెగరోగం అని రాయగానే వెనక బెంచీలో ఒకడు "ఓహో, అదా ఇది" అన్నాడు పైకే. పద్దెనిమిదేళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను, ఆ 'ఓహో' ఎప్పుడూ వినలేదు. మన మాటలో చెప్పడానికి నాకే సిగ్గేసి ఇన్నాళ్లూ లాటిన్ వెనక దాక్కున్నానని అప్పుడనిపించింది.

ఆఖర్న 1097, 1098, ఆసుపత్రిలో గది ఎక్కడో గీత గీసి చూపించాను. ఓపీ కౌంటర్ దగ్గర ఎడమకి తిరిగితే ఎక్స్‌రే, దాని పక్కది. ముందు రోజు నేనే వెళ్లి చూసొచ్చాను. గుమ్మం ముందు నిలబడేసరికి నలభై ఆరేళ్ల నాకే అటూ ఇటూ చూడబుద్ధేసింది. మా ఆయన బండి మీద బయట ఉన్నారు, ఎవరైనా చూస్తారేమో త్వరగా రమ్మని ఫోన్.

ప్రిన్సిపాల్ గారికి ఇద్దరు తల్లిదండ్రులు ఫోన్ చేశారట. ఒకాయన తిట్టాడు. రెండో ఆవిడ ఆ క్లాసు ఆడవాళ్లకి కూడా చెబుతారా అని అడిగింది. డబ్బా ప్రస్తుతానికి ఉంది. కిటికీలోంచి మెట్ల కిందకి మార్చాను, అక్కడైతే వేసేవాళ్లు కనబడరు.

చేతిరాత బాగున్న కుర్రాడు మామూలుగానే ఉన్నాడు. రికార్డులో బొమ్మకి లేబుల్స్ వేసి చూపించాడు. నేను వాడి మొహంలోకి చూడకుండా సంతకం పెట్టాను.

మంగళవారం మూడు చీటీలు: ఆ గది ఆదివారం తెరిచి ఉంటుందా, ఆధార్ కార్డు అడుగుతారా, లోపల లేడీ డాక్టరా జెంట్సా. శుక్రవారం సాయంత్రం ఇంకొకటి. ఈసారి చేతిరాత కోడి గీకినట్టుంది, రెండు తప్పులు కూడా ఉన్నాయి.

"మేడమ్ బూడిద డబ్బాలో రెండు మాత్రలే ఉన్నాయి. మర్చిపోయి తక్కువ ఇచ్చారా? బయట ఇంకా కొనాలా?"

శనివారం పొద్దున పాఠం మొదలుపెట్టే ముందు బోర్డు మూలన చిన్నగా రాశాను: రెండే. ఇంకేమీ కొనొద్దు. ఏడో రోజు మళ్లీ వెళ్లి చూపించుకోవాలి.

ఎవరూ ఏమిటని అడగలేదు. బెల్లు కొట్టేదాకా దాన్ని తుడవలేదు.